తూము తెలిసినవాళ్లకు తెలిసిన కిటుకు

అపోహ: స్పీడు పెంచాలంటే కాసేపు లైను తీసెయ్యాల్సిందే.

హన్మకొండలో నెట్ బిగించే కుర్రాడి నుంచి ఇంజనీరింగు విద్యార్థి దాకా ఈ మాటే అంటారు. ఇంట్లో ప్లాన్ మార్చాక మోడెం ఆఫ్ చేసి ఆన్ చేయమంటారే, అది వేరే కథ. ఊళ్లను కలిపే ఆప్టికల్ రవాణా నెట్‌వర్కు, అంటే ఓటీఎన్‌లో, నడుస్తున్న ట్రాఫిక్‌లో ఒక్క బిట్టు పోకుండా సామర్థ్యం మార్చే పద్ధతి ఉంది. అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ 2011లో దాన్ని జీ.7044 పేరుతో ప్రమాణంగా ఖాయం చేసింది.

హైదరాబాద్ నుంచి కాజీపేటకు 5 గిగాబిట్ల కనెక్షన్ ఉందనుకుందాం. దారిలోని ప్రతి లింకులో దానికి 1.25 గిగాబిట్ల అరలు నాలుగు దక్కాయి. 7.5 కావాలంటే ఆరు అరలు ఉండాలి. ముందు ప్రతి లింకులో మరో రెండు అరలు చేరుస్తారు. అన్నిచోట్లా కుదిరాకే రేటు పెంచుతారు, అదీ ఒక్కసారిగా కాదు, క్రమంగా. పాకాల చెరువు కింద సాగుచేసే రైతుకు ఇది చెప్పక్కర్లేదు: కాల్వ పూడిక తీశాకే తూము ఎత్తాలి. తగ్గించేటప్పుడు వరస తిరగబడుతుంది. ముందు తూము దించాలి, అంటే రేటు తగ్గాకే అరలు వదులుకోవాలి. వరస తప్పితే గట్టు తెగినట్టే, డేటా పొర్లిపోతుంది.

అపోహ: బ్యాండ్‌విడ్త్ పెరిగితే వెలుగు వేగం పెరుగుతుంది.

పెరగదు. ఫైబర్‌లో వెలుగు సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లే పోతుంది. హైదరాబాద్ నుంచి కాజీపేటకు ఒక మిల్లీసెకను కూడా పట్టదు. పెరిగేది ఒకేసారి పట్టే సరుకు.

అపోహ: లైను ఆపకుండా రేటు మార్చే ఈ కిటుకు ఏ కనెక్షన్‌కైనా పనిచేస్తుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ప్యాకెట్లను జీఎఫ్‌పీ అనే ఫ్రేమింగ్ పద్ధతి ద్వారా మోసే, ఓడీయూఫ్లెక్స్ అనే ఓటీఎన్ కనెక్షన్లకే ఇది వర్తిస్తుంది. వాటిలో ప్యాకెట్లు లేని సందుల్ని ఖాళీ ఫ్రేములు నింపుతాయి, రేటు అటూ ఇటూ జరిపే వెసులుబాటు అక్కడుంది. రేటు స్థిరంగా ఉండాల్సిన సిగ్నళ్లకు ఆ సందు లేదు. పైగా దారిలోని ప్రతి నోడూ ఈ ప్రోటోకాల్ తెలిసినదై ఉండాలి. ఒక్క పాత పెట్టె ఉన్నా కనెక్షన్ విప్పి మళ్లీ కట్టాల్సిందే. మధ్యలో ఏ లింకులోనైనా అరలు ఖాళీ లేకపోతే పెంపు ఆగుతుంది, పాత 5 గిగాబిట్లు మాత్రం యథాతథంగా నడుస్తాయి.

అపోహ: ఇదుంటే నెట్ ఎప్పుడూ ఆగదు.

డ్రైనేజీ కోసం రోడ్డు తవ్వే పొక్లెయిన్‌కు ఏ ప్రోటోకాలూ తెలియదు. కేబుల్ తెగితే కావాల్సింది మరో దారిలో వేసిన రెండో ఫైబర్. అది ముందే సిద్ధంగా ఉంటే, తెగినట్టు గుర్తించాక 50 మిల్లీసెకన్లలోపే ట్రాఫిక్ అటు మళ్లుతుంది. రెండు ఫైబర్లూ ఒకే కాల్వలో వేసి ఉంటే అదీ లేదు.