నిద్రమాత్ర.. కొద్ది రోజులకే మందు

కృష్ణపట్నం (ముత్తుకూరు): కృష్ణపట్నం ఓడరేవు, సమీపాన నేలటూరు థర్మల్‌ విద్యుత్‌ కేంద్రం రాత్రింబవళ్లు పనిచేస్తుంటాయి. షిఫ్టుల్లో పనిచేసే కార్మికులకు, వేకువనే వేటకు వెళ్లే మత్స్యకారులకు నిద్రవేళలు తారుమారవడం సహజం. అలాగని ఇంట్లో ఒకరికి రాసిన నిద్రమాత్రను మరొకరు మింగడం ప్రమాదకరం.

ప్రయోజనం ఇదీ..

అల్ప్రాజోలం, క్లోనజెపాం, డయాజెపాం, జోల్పిడెం వంటి మందులు మెదడును శాంతపరిచే 'గాబా' అనే రసాయనం ప్రభావాన్ని పెంచుతాయి. ఆత్మీయుల మరణం, తీవ్ర ఆందోళన వంటి సందర్భాల్లో నిద్ర పూర్తిగా దూరమైనప్పుడు ఇవి ఉపశమనమిస్తాయి. సాధారణంగా వీటిని రెండు నుంచి నాలుగు వారాలకు మించి వాడరాదు.

ముప్పు ఎక్కడ?

రోజూ వాడితే శరీరం అలవాటుపడి, పాత మోతాదు చాలదు. ఒక్కసారిగా మానేస్తే నిద్రలేమి రెట్టింపవుతుంది; వణుకు, మూర్ఛ రావచ్చు. 2015లో తెలంగాణలో కల్తీ కల్లుపై దాడులు జరిగినప్పుడు ఇదే బయటపడింది. అల్ప్రాజోలం కలిపిన కల్లుకు అలవాటుపడినవారు అది అందక మూర్ఛలు, వింత ప్రవర్తనతో ఆసుపత్రుల పాలయ్యారు.

మందు మత్తు మరునాటి వరకూ ఉండవచ్చు. లారీ, క్రేన్‌ నడిపేవారికి ఇది ప్రాణాంతకం. వృద్ధులు తూలిపడి ఎముకలు విరగ్గొట్టుకునే అవకాశముంది. మద్యంతో కలిస్తే శ్వాస మందగించి ప్రాణమే పోవచ్చు. గురకతో పాటు నిద్రలో ఊపిరి ఆగుతున్నవారు ఆ విషయం వైద్యునికి తప్పక చెప్పాలి. జోల్పిడెం వాడినవారిలో కొందరు నిద్రలోనే నడవడం, వాహనం నడపడం వంటివి చేసినందున 2019లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ తీవ్ర హెచ్చరిక జారీ చేసింది.

చీటీ లేనిదే అమ్మరాదు

వీటిలో అల్ప్రాజోలం, డయాజెపాం, జోల్పిడెం 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్‌ హెచ్‌1 కిందికి వస్తాయి. వైద్యుని చీటీ లేకుండా విక్రయించరాదు. రోగి, వైద్యుని వివరాలను దుకాణదారు రిజిస్టరులో నమోదు చేసి, మూడేళ్లు భద్రపరచాలి.

మాత్ర కంటే ముందు..

దీర్ఘకాలిక నిద్రలేమికి తొలి చికిత్స మాత్ర కాదు. ఆలోచనలను, అలవాట్లను సరిదిద్దే చికిత్స. రోజూ ఒకే వేళకు లేవాలి. రాత్రి షిఫ్టు చేసేవారు వెలుతురు పడని గదిలో పడుకోవాలి. పడుకునే ముందు కొన్ని గంటలు టీ, కాఫీ మానాలి. ఇప్పటికే నెలల తరబడి మాత్రలు వాడుతున్నవారు సొంతంగా ఆపకుండా, వైద్యుని పర్యవేక్షణలో మోతాదు క్రమంగా తగ్గించుకోవాలి. సలహా కోసం టెలీ మానస్‌ ఉచిత నంబరు 14416కు ఫోన్‌ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.