కదలని దుంగ

రంపం కోతలో సగం పని పట్టుదే. పళ్లకు ఎంత పదునున్నా, కింద దుంగ కదిలితే అవి చెక్కను వదిలి జారతాయి. జారిన రంపం చేతి మీదికో మోకాలి మీదికో వస్తుంది. ఈ చిక్కును మనిషి ఏనాడో గుర్తించాడు. ఈజిప్టులో లగ్జర్ దగ్గర మెకెత్రే అనే అధికారి సమాధిలో 1920లో చెక్కబొమ్మలు దొరికాయి. అవి సుమారు నాలుగు వేల ఏళ్ల నాటివి. వాటిలో ఒక వడ్రంగి దుకాణం ఉంది. అందులో ఒకడు పలకను నిలువు గుంజకు కట్టి కోస్తున్నాడు.

పలకకు ఆ కట్టు చాలు. వంటచెరకు సంగతి వేరు. గుండ్రటి దుంగను ముక్క తర్వాత ముక్కగా కోయాలి. ప్రతి ముక్కకూ కట్టి విప్పుతుంటే పొద్దు గడిచిపోతుంది. చలికాలమంతా కట్టెల మీదే గడిపిన యూరప్, ఉత్తర అమెరికా పల్లెల్లో దీనికి తేలికైన ఉపాయం వాడుకలో ఉంది. రెండు కర్రలను గుణకారం గుర్తులా కలిపి, అలాంటి జతలు రెంటిని అడ్డకర్రలతో బిగిస్తారు. అమెరికాలో ఈ స్టాండును సాబక్ అంటారు. ఇందులో మర లేదు, కీలు లేదు. దుంగ బరువే దుంగను పట్టి ఉంచుతుంది.

బల్ల మీద దుంగ ఒక్క గీత మీదే ఆనుతుంది, కాస్త తోస్తే దొర్లుతుంది. ఈ కర్రల మధ్య రెండు వైపులా ఆనుతుంది, దొర్లిపోవాలంటే ఒక కర్రను ఎక్కి దాటాలి. పైగా కర్రల మధ్య కోణం 90 డిగ్రీలైతే, రెండు వైపులా పడే ఒత్తిడి మొత్తం దుంగ బరువుకు సుమారు 1.4 రెట్లు. ఒత్తిడి పెరిగిన కొద్దీ ఘర్షణా పెరుగుతుంది. రంపం ముందుకూ వెనక్కూ ఆడినా దుంగ నిలిచేది అందుకే.

ఎక్కడ కోస్తున్నామన్నదీ ముఖ్యమే. రెండు ఆసరాల నడుమ కోస్తే దుంగ తన బరువుకే కిందికి వంగుతుంది. పైభాగం నొక్కుకుని గాడి మూసుకుపోతుంది, రంపం ఇరుక్కుంటుంది. ఆసరా దాటి బయటికొచ్చిన కొసను కోస్తే, కొస కిందికి వాలి గాడి తెరుచుకుంటుంది. అందుకే కొస నుంచి కోసుకుంటూ రావాలి. అయితే బయటి భాగం మరీ బరువైతే స్టాండే తిరగబడుతుంది.

1926లో జర్మనీలో ఆండ్రియాస్ ష్టీల్ అనే ఇంజనీరు కరెంటుతో నడిచే చైన్ రంపం తెచ్చాడు. దాని బరువు సుమారు 48 కిలోలు, ఇద్దరు పట్టుకోవాలి. తర్వాత తేలికైన రంపాలు వచ్చి కోత ఒక్కరి పనైంది. ప్రమాదం కూడా మారింది. తిరిగే గొలుసు కొస పైభాగం దేనికైనా తగిలితే రంపం ఎగిరి మనిషి ముఖం మీదికి వస్తుంది. ఆ తగిలేది స్టాండు కాలే కావచ్చు. అందుకే కోత కాళ్లకు బయటే పడాలి, రంపం కొస అవతల ఏమీ ఉండకూడదు, రంపం వరసలో మనిషి తల ఉండకూడదు. ఇప్పుడు దుంగను కరిచిపట్టే పళ్లున్న ఇనుప స్టాండులూ దొరుకుతున్నాయి.

చైన్ రంపం మనిషి కండబలం అవసరాన్ని తగ్గించింది, పట్టు అవసరాన్ని పెంచింది. దుంగను కాలితో తొక్కిపట్టడం, మరొకరి చేత పట్టించడం రెండూ మానాలి. రంపం కొనేవారు ముందు స్టాండు సిద్ధం చేసుకోవాలి.