గాలి చొరబాటు (గృహనిర్మాణం)

ఇంటి గోడలు, తలుపులు, కిటికీలు, పైకప్పులలోని సందుల గుండా, ఇంటివారి ప్రమేయం లేకుండా గాలి లోపలికి వచ్చుటను, బయటికి పోవుటను గాలి చొరబాటు లేదా గాలి లీకేజీ అంటారు. కిటికీ తెరచి గాలి ఆడనివ్వడం మన చేతిలో ఉన్న పని; గాలి చొరబాటు మన చేతిలో లేనిది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలోని నంద్యాల, ఆళ్ళగడ్డ పట్టణాలలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలే. అందువలన ఏసీ అమర్చిన కొత్త ఇళ్ళలో దీని ప్రభావం విద్యుత్తు బిల్లుపై పడుతుంది.

నేపథ్యం

ఈ ప్రాంతపు పాత మిద్దెలలో మందమైన రాతి, మట్టి గోడలు ఎండ వేడిని ఆలస్యంగా లోపలికి పంపేవి. పైకప్పులోని గవాక్షం గుండా వేడిగాలి, వంటపొగ పోయేవి. యంత్రంతో చల్లబరచిన గాలి లోపల లేదు కనుక సందులు ఉన్నా నష్టం లేదు. పలుచని గోడలు, కాంక్రీటు కప్పు, ఏసీ వచ్చిన తరువాతనే ఇది సమస్య అయినది.

కారణాలు

గాలి కదలడానికి సందు, పీడనంలో తేడా రెండూ ఉండాలి. గాలి వీచినపుడు ఎదురు గోడపై పీడనం పెరిగి వెనుక వైపు తగ్గుతుంది. ఏసీ గదిలోని చల్లగాలి బరువైనది కాబట్టి తలుపు కింది నుండి జారిపోతుంది. ఆ మేరకు పై సందుల నుండి వేడిగాలి చేరుతుంది. 90 సెం.మీ. వెడల్పు గల తలుపు కింద 1 సెం.మీ. ఖాళీ ఉంటే అది 90 చదరపు సెం.మీ. రంధ్రంతో సమానం. గోడకు అంత రంధ్రం ఉంటే ఎవరూ ఊరుకోరు.

కుందూ నది పరిసరాలలోని నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. పునాది తగినట్లు వేయకపోతే కొత్త గోడలు కూడా బీటలిస్తాయి, ద్వారబంధాలు ఒరుగుతాయి. కాంక్రీటు స్తంభానికి, ఇటుక గోడకు మధ్య అతుకు విడిపోవడం, పచ్చి కలప ఎండి సందులివ్వడం, ఏసీ రాగి గొట్టం కోసం తొలచిన రంధ్రం, స్విచ్చి పెట్టెలు ఇతర కారణాలు.

గుర్తించుట

గాలి వీచే రోజున తలుపులు, కిటికీలు మూసి, వంటగది ఎగ్జాస్టు ఫ్యాను వేయాలి. గ్యాసు పొయ్యి, గీజరు ఆర్పి ఉండాలి. వెలిగించిన అగరుబత్తిని కిటికీ అంచుల వెంట, తలుపు కింద నెమ్మదిగా జరిపితే, పొగ చెదిరిన చోట సందు ఉన్నట్లు. రాత్రి ఒకరు బయట నుండి టార్చి వేస్తే లోపలివారికి సన్నని వెలుగు కనిపిస్తుంది. రంగులు వేయక ముందే ఈ పరీక్ష చేయడం మేలు.

కొలవడానికి బ్లోయర్ డోర్ అనే పరికరం ఉన్నది. 1970లలో స్వీడన్, అమెరికాలలో రూపుదిద్దుకున్న ఈ పద్ధతిలో ద్వారానికి ఫ్యాను బిగించి ఇంటి లోపలికి, బయటికి 50 పాస్కల్‌ల తేడా కల్పిస్తారు. ఇది 5 మి.మీ. నీటిమట్టపు పీడనం మాత్రమే. 300 ఘనపు మీటర్ల ఇంట్లో ఫ్యాను గంటకు 1500 ఘనపు మీటర్ల గాలిని తోడవలసి వస్తే గాలి 5 సార్లు మారినట్లు లెక్క. జర్మనీ పాసివ్ హౌస్ ప్రమాణం ప్రకారం ఇది 0.6 మించరాదు.

సరిదిద్దుట

ద్వారబంధం చుట్టూ ఖాళీని గిలాబుతో పైపైన కప్పరాదు, లోతు వరకు నింపాలి. స్తంభం, ఇటుక కలిసేచోట గిలాబు కింద ఇనుప జాలి పరచాలి. కిటికీ రెక్కలకు రబ్బరు బీడింగు, తలుపు అడుగున రబ్బరు పట్టీ చాలును. ఏసీ గొట్టం రంధ్రాన్ని ఫోముతో నింపవచ్చు.

నల్లరేగడి బీట సంగతి వేరు. సిమెంటు పూస్తే మరుసటి వేసవికి మళ్ళీ విచ్చుకుంటుంది. బీట చివర పెన్సిలుతో గీత గీసి తేదీ వ్రాసి, ఒక వాన, ఒక ఎండ గడిచే వరకు గమనించాలి. పెరగకపోతే సాగే గుణమున్న సీలెంటుతో పూడ్చవచ్చును. పెరుగుతూ ఉంటే అది పునాది సమస్య; ఇంజనీరును పిలవాలి.

జాగ్రత్తలు

స్నానాలగదిలో గ్యాసు గీజరు ఉంటే వెంటిలేటరు మూయడం ప్రాణాంతకం. గాలి చాలక గ్యాసు సరిగా మండనపుడు రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడు వెలువడుతుంది. గీజరును బయట గోడకు అమర్చుట ఉత్తమం. వంటగ్యాసు గాలికంటె బరువైనది, లీకైతే నేల మీద పేరుకుంటుంది. అందుచేత వంటగదిలో నేల దగ్గరి గాలిదారిని పూడ్చరాదు.

మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తీసుకురాదని, ఉన్న గాలినే తిప్పుతుందని చాలామందికి తెలియదు. సందులు పూడ్చిన పడకగది కిటికీలను ఉదయం కొంతసేపు తెరవాలి. 2018లో కేంద్ర ప్రభుత్వం వెలువరించిన ఎకో నివాస్ సంహిత కూడా, తెరవడానికి వీలైన కిటికీలు, తలుపుల వైశాల్యం నేల వైశాల్యంలో కనీసం ఎంత ఉండాలో నిర్దేశించింది. వేడి, పొడి వాతావరణానికి ఇది 10 శాతం.