కాగితం మడతపెట్టడం కూడా చదువేనా? డిజైన్ కాలేజీ మొదటి ఏడాదిలో ఏం చేయిస్తారు

రాజోలు నుంచి ఒక అమ్మాయి ఇంటర్ పూర్తిచేసి డిజైన్ కాలేజీలో చేరిందనుకుందాం. నాలుగు నెలల తర్వాత సెలవులకు ఇంటికొచ్చింది. సంచిలో లావుపాటి పుస్తకాలేమీ లేవు. అట్టముక్కలు, ఇనుప తీగ, మడతలు పెట్టిన కాగితాలు, రంగు మరకలు పడ్డ ఒక చున్నీ ఉన్నాయి. ఇంట్లో పెద్దవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఏమిటో చెప్పక్కర్లేదు. "బేటీ, ఇంత ఫీజు కట్టింది ఇందుకేనా?"

ప్రశ్నలో తప్పు లేదు. అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు ఇంటర్ అయిపోతే ఇంజినీరింగో, డిగ్రీనో, నర్సింగో అన్నది అందరికీ తెలిసిన దారి. డిజైన్ అంటే బట్టలు కుట్టడమో, ఫ్యాషన్ షోలో నడవడమో అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఎక్కువే. నిజానికి కుర్చీ, మిక్సీ, మందుల పెట్టె, బస్టాండు బోర్డు, ఫోన్‌లో డబ్బు పంపే యాప్, ఇవన్నీ ఎవరో ఒకరు డిజైన్ చేసినవే. ఆ పని నేర్పే నాలుగేళ్ళ డిగ్రీ పేరు బీడెస్. అందులో మొదటి ఏడాదిని ఫౌండేషన్ అంటారు. ఎన్‌ఐడీల్లోనూ నిఫ్ట్‌లోనూ పిల్లలు ముందు ఫౌండేషన్ చదివి, ఆ తర్వాతే తమ విభాగానికి వెళ్తారు. పైనుంచి చూస్తే ఆ ఏడాది చేయించేవి చిన్నపిల్లల ఆటల్లాగే ఉంటాయి. ఒక్కోటీ ఎందుకో తెలిస్తే అలా అనిపించదు.

ముందు కాగితం సంగతి. పని చాలా చిన్నది. ఒక ఏ4 కాగితాన్ని రెండు పుస్తకాల మధ్య వంతెనలా పెట్టాలి, దాని మీద నీళ్ళ గ్లాసు నిలవాలి. జిగురు వాడకూడదు, రెండో కాగితం తీసుకోకూడదు. కాగితాన్ని అలాగే పరిస్తే గ్లాసు దాకా ఎందుకు, దాని బరువుకే అది కుంగిపోతుంది. అదే కాగితాన్ని విసనకర్రలా సన్నసన్న మడతలు పెట్టి పరిస్తే గ్లాసు ఆగుతుంది. కాగితం మారలేదు, బరువు పెరగలేదు, పైసా ఖర్చు కాలేదు. మారింది ఆకారం ఒక్కటే. వంగకుండా నిలబడే శక్తి పదార్థం ఎంత ఉందన్న దానికన్నా, అది పైకీ కిందికీ ఎంత ఎత్తున సర్దుకుందన్న దాని మీద ఎక్కువ ఆధారపడుతుంది. ఒక పలక మందం రెట్టింపు చేస్తే వంగడానికి అది చూపే నిరోధం 8 రెట్లు అవుతుంది. రేకుల షెడ్డు మీద రేకు అలలు అలలుగా ఎందుకుంటుందో, అట్టపెట్టె లోపల వంకర కాగితం పొర ఎందుకు పెడతారో ఈ ఒక్క అభ్యాసంతో బోధపడుతుంది. ఫార్ములా క్లాసులో తర్వాతైనా చెప్పుకోవచ్చు. పది కాగితాలు కుంగిపోవడం కళ్ళతో చూసినవాళ్ళకు అది మరి మరుపు రాదు.

ఈ పద్ధతి మనవాళ్ళు కనిపెట్టింది కాదు. జర్మనీలో వైమార్ నగరంలో 1919లో బౌహౌస్ అనే డిజైన్ పాఠశాల మొదలైంది. అందులో చేరినవాళ్ళంతా ముందు ఒక ప్రాథమిక కోర్సు చేయాల్సి వచ్చేది. దాన్ని యోహానెస్ ఇట్టెన్ మొదలుపెట్టాడు, తర్వాత కొన్నేళ్ళు జోసెఫ్ ఆల్బర్స్ నడిపాడు. ఆల్బర్స్ క్లాసులో వార్తాపత్రికలు పంచి, వృథా కాకుండా వీటితో ఏదైనా చేయండని చెప్పేవాడట. కోటలు, విమానాలు, జంతువుల బొమ్మలు చేసినవాళ్ళు ఆయన్ను మెప్పించలేకపోయారు. కాగితాన్ని ఊరికే నిలువుగా మడిచి నిలబెట్టిన విద్యార్థి పని ఆయనకు నచ్చింది. బొమ్మలన్నీ ఇంకో పదార్థంతో ఇంకా బాగా వస్తాయి, మడిచి నిలబెట్టడం మాత్రం కాగితానికే చేతనవుతుందని ఆయన వాదన. 1933లో నాజీల ఒత్తిడితో బౌహౌస్ మూతపడింది. అక్కడి గురువులు దేశదేశాలకు వెళ్ళారు, వాళ్ళతోపాటు ఈ కోర్సూ వెళ్ళింది. అహ్మదాబాద్‌లో 1961లో ఏర్పడిన ఎన్‌ఐడీ ఫౌండేషన్‌లోనూ దాని ఛాయలు ఉన్నాయి.

కాగితం తర్వాత కర్రలు. నాలుగు కొబ్బరి ఈనెలు తీసుకుని దారంతో చతురస్రంగా కడితే, ఒక మూల నొక్కగానే అది పక్కకు ఒరిగిపోతుంది. ఐదో ఈనెను మూల నుంచి మూలకు కట్టండి, ఇక కదలదు. త్రిభుజం ఒరగదు, ఎందుకంటే భుజాల పొడవు మారకుండా దాని కోణాలు మారవు. కోనసీమలో ఈ మాట పుస్తకం చదవనివాళ్ళకు కూడా తెలుసు. సంక్రాంతికి జగ్గన్నతోటకు భుజాల మీద మోసుకొచ్చే ప్రభలను వెదుళ్ళతో కట్టేవాళ్ళకు ఎక్కడ అడ్డకర్ర వేయాలో చేతికే తెలుసు. 2023 గణతంత్ర దినోత్సవ పరేడ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటంగా వెళ్ళింది ఆ ప్రభల తీర్థమే. పెళ్ళికి షామియానా వేసేవాళ్ళు, శ్లాబు కింద సెంట్రింగ్ కట్టే మేస్త్రీలు రోజూ చేసేది ఇదే పని. కాలేజీ కొత్తగా అడిగేది ఒకటుంది. ఆ ఒక్క కర్ర తీసేస్తే ఏమవుతుందో ముందే చెప్పాలి, తర్వాత తీసి చూడాలి, చెప్పిందీ జరిగిందీ పక్కపక్కన రాయాలి.

రంగుల క్లాసు ఇంకో రకం. ఎరుపు, పసుపు, నీలం, ఈ మూడు డబ్బాలే ఇచ్చి 12 రంగుల చక్రం గీయమంటారు. బజార్లో ఆకుపచ్చ డబ్బా దొరుకుతుంది కదా అంటే ఒప్పుకోరు. రెండు చుక్కలు ఎక్కువైతే రంగు ఎలా మురికిపడుతుందో తెలియడం కోసమే ఆ తంటా. తర్వాత ఒకే బూడిద రంగు ముక్కను రెండుగా కత్తిరించి, ఒకటి నల్ల కాగితం మీద, ఒకటి తెల్ల కాగితం మీద అంటించమంటారు. రెండూ వేర్వేరు రంగుల్లా కనిపిస్తాయి. పక్కన ఏముందో దాన్ని బట్టి కన్ను రంగును అంచనా వేస్తుంది. మ్యాచింగ్ సెంటర్ యజమానికి ఇది కొత్త కాదు. చీర తెచ్చినావిడను ట్యూబులైటు కింద నుంచి గుమ్మం దాకా తీసుకెళ్ళి పగటి వెలుగులో జాకెట్ గుడ్డ పోల్చి చూపిస్తాడు. దీపం మారితే రంగు మారుతుందని ఆయనకు వ్యాపారమే నేర్పింది.

వస్తువును చదవడమన్నది ఆ ఏడాదిలో అందరికన్నా ముస్లిం ఇళ్ళ పిల్లలకు దగ్గరగా అనిపించే పాఠం కావచ్చు. దానికి కారణం లోటా. అమెరికన్ డిజైనర్లు చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు భారత ప్రభుత్వం పిలుపు మీద దేశం తిరిగి 1958లో ఒక నివేదిక ఇచ్చారు. ఎన్‌ఐడీ ఏర్పాటుకు దారి వేసింది ఆ నివేదికే. దేశంలో తాము చూసిన వస్తువుల్లో అందమైనదిగా వాళ్ళు ఎంచుకున్నది తాజ్‌మహల్‌ను కాదు, మామూలు లోటాను. ఎంత నీరు పట్టాలి, పట్టుకునే చేయి ఎంతది, తల మీద పెట్టుకుంటారా, నడుం మీదా, నిండుగా ఉన్నప్పుడు బరువు ఎటు తూగుతుంది, ఖాళీ అయ్యాక ఎటు, లోపల తోమడానికి చేయి దూరుతుందా, ధర ఎంత అని వరసగా ప్రశ్నలు వేశారు. ఈ జవాబులన్నీ ఏ ఒక్కరో ఒక్కరోజులో కాగితం మీద గీసినవి కావు, తరాల వాడకంలో తేలినవి.

ఆ పద్ధతిలోనే వజూకు వాడే కొమ్ము చెంబును చదవొచ్చు. కొమ్ము ఎందుకు? ధార సన్నగా రావాలి, నీరు వృథా కాకూడదు. కొమ్ము చివర చెంబు మూతి కన్నా కిందికి ఉంటే ఏమవుతుంది? నిండా పోయకముందే కారిపోతుంది. ఒక చేత్తో వంచేటప్పుడు మణికట్టు మీద ఎంత బరువు పడుతుంది, ముసలివాళ్ళు పట్టుకోగలరా? ఇవాళ చాలా ఇళ్ళలో దాని స్థానంలోకి ప్లాస్టిక్ మగ్గు వచ్చింది. మగ్గులో ఏది పోయింది, ఏది సులువైంది? ఇలా ఒక వస్తువు మీద 30, 40 స్కెచ్‌లు గీసి, బంకమట్టితోనో అట్టతోనో నాలుగైదు నమూనాలు చేసి, నీళ్ళు పోసి చూస్తే అదొక ప్రాజెక్టు.

అక్షరాల పని కూడా ఉంటుంది. ఇది రెండు లిపులున్న ఇంట్లో పెరిగినవాళ్ళకు కలిసొచ్చే చోటు. షాదీ కార్డు మీదో, మసీదు బోర్డు మీదో ఉర్దూ, తెలుగు పక్కపక్కన పెట్టి చూడండి. నస్తలీఖ్ కుడి నుంచి ఎడమకు సాగుతూ ప్రతి పదమూ పైనుంచి కిందికి జారుతుంది. తెలుగు ఎడమ నుంచి మొదలై, తలకట్టు పైన, వత్తు కింద పెట్టుకుని గుండ్రంగా నడుస్తుంది. రెండింటికీ ఒకే సైజు ఇస్తే ఏదో ఒకటి నలిగిపోతుంది. ఎంత ఖాళీ వదలాలి, ఏ లిపిని ఎంత పెంచాలి, ఏ వరుసతో ఏ వరుస కలవాలి అన్నది చేత్తో గీసి, కత్తిరించి, అటూ ఇటూ జరిపి చూస్తే గానీ తేలదు. కంప్యూటర్‌లో చేసేయొచ్చు, నిజమే. కానీ మొదటి ఏడాదే పిల్లల్ని కేవలం సాఫ్ట్‌వేర్ ముందు కూర్చోబెట్టే కాలేజీ అయితే, ఫీజు కట్టేముందు ఇంకోసారి ఆలోచించడం మంచిది. సాఫ్ట్‌వేర్ మూడేళ్ళలో మారిపోతుంది.

క్లాసు బయటి పని కూడా ఉంటుంది. ఎన్‌ఐడీల్లో పిల్లలు ఒక ఊరికో బజారుకో వెళ్ళి, మనుషులు ఎలా పనిచేస్తున్నారో చూసి గీసుకోవాలి. మన వైపు అలాంటి చోట్లకు కొదవ లేదు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కేటప్పుడు మోటార్ సైకిల్ ఎక్కడ ఆగుతోంది, చంటిబిడ్డతో ఉన్న తల్లి దేన్ని పట్టుకుంటోంది, అంబాజీపేటలో కొబ్బరికాయ వలిచే మనిషి నడుం ఎన్నిసార్లు వంచుతున్నాడు, ఇదంతా సబ్జెక్టే. ముందుగా పరిష్కారం చెప్పేయడం అక్కడ తప్పు కింద లెక్క. మొదట చూడాలి, అడగాలి, రాసుకోవాలి.

చివర్లో జ్యూరీ. చేసిందంతా గోడకు పెట్టి అధ్యాపకుల ముందు నిలబడి చెప్పుకోవాలి. పాడైపోయిన నమూనాలు దాచేస్తే లాభం లేదు, అవి ఎందుకు పాడయ్యాయన్న దాని మీదే ఎక్కువ ప్రశ్నలు వస్తాయి. ఇంటర్ దాకా ఒకే సరైన జవాబు రాసి మార్కులు తెచ్చుకున్న పిల్లలకు ఇది గట్టి దెబ్బే. బాగా చదివే పిల్లలే ఇక్కడ కొన్ని నెలలు తడబడితే ఆశ్చర్యం లేదు. ఇంట్లోవాళ్ళు ఆ సమయంలో ఫోన్‌లో కొంచెం ఓపిక చూపించాలి.

ఇక ఎవరు చేరొచ్చు అన్నది. ఆంధ్రప్రదేశ్ ఎన్‌ఐడీ 2015లో మొదలైంది. 2019 చట్ట సవరణతో జాతీయ ప్రాధాన్యం గల సంస్థ అయింది. హైదరాబాద్‌లో నిఫ్ట్ 1995 నుంచి ఉంది. ఐఐటీ హైదరాబాద్‌లో బీడెస్ సీట్లు యూసీడ్ పరీక్ష ద్వారా నింపుతారు. ఎన్‌ఐడీకీ నిఫ్ట్‌కీ ఇంటర్ ఏ గ్రూపైనా పనికొస్తుంది, సీఈసీ, హెచ్‌ఈసీ పిల్లలు కూడా రాయొచ్చు. యూసీడ్ కూడా అన్ని గ్రూపులవాళ్ళూ రాయొచ్చు, కానీ కొన్ని సంస్థలు సీటుకు వేరే షరతులు పెడతాయి కాబట్టి చూసుకోవాలి.

మన పిల్లలు అవకాశం పోగొట్టుకునేది ఎక్కువగా తేదీల దగ్గరే. ఈ పరీక్షలు సాధారణంగా డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలల్లో అయిపోతాయి. దరఖాస్తులు అంతకు ముందే, ఇంటర్ రెండో ఏడాది మధ్యలోనే పెట్టాలి. ఫలితాలొచ్చాక, ఈఏపీసెట్ అయ్యాక మే నెలలో ఆలోచిస్తే ఆ ఏడాదికి తలుపు మూసినట్టే.

సర్టిఫికెట్ విషయంలో ఇంకో చిక్కు ఉంది. ఇవి కేంద్ర సంస్థలు. రాష్ట్ర బీసీ జాబితా, కేంద్ర ఓబీసీ జాబితా ఒకటి కాదు. చేతిలో బీసీ-ఈ సర్టిఫికెట్ ఉంది కదా అని ఓబీసీ గడిలో టిక్ పెట్టకూడదు. తమ వర్గం పేరు కేంద్ర జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోవాలి. లేనివాళ్ళు ఆదాయం, ఆస్తి నిబంధనలకు సరిపోతే ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. అది తహసీల్దారు ఆఫీసు నుంచి రావడానికి రోజులు పడుతుంది కాబట్టి దరఖాస్తుకు నెల ముందే కదలాలి. ఫీజులు చిన్నవి కావు. ఆ ఏడాది ప్రాస్పెక్టస్‌లో ఫీజు, స్కాలర్‌షిప్ పేజీలు రెండూ చదివాకే నిర్ణయం తీసుకోవాలి.

ఎన్‌ఐడీ రెండో దశలో స్టూడియో టెస్ట్ ఉంటుంది. ఇచ్చిన సామాన్లతో అక్కడికక్కడే ఏదైనా చేసి చూపించమని అడుగుతారు. దర్జీ ఇంట్లో, వడ్రంగి ఇంట్లో, వెల్డింగ్ షాపులో పెరిగిన పిల్లలకు ఇది భయపడాల్సిన పరీక్ష కాదు. సాధనకు కోచింగ్ దాకా వెళ్ళకముందు పాత పేపర్లు, చీపురు ఈనెలు, దారం ఉండ, సబ్బు పెట్టెల అట్టలు పెట్టుకుని ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు. వారానికి ఒక వస్తువు చేసి, చేసినదాని పక్కన తారీకు వేసి, ఏది కుదరలేదో రెండు ముక్కలు రాసి దాచుకుంటే తర్వాత అదే పనికొస్తుంది.