షార్ట్ ఫిల్మ్‌లో వినిపించే అడుగుల చప్పుడు నటుడిదేనా? తెర వెనక సౌండ్ డిజైనర్ చేసే పని ఇదీ..

ఫోన్‌లో ఓ షార్ట్ ఫిల్మ్ చూస్తున్నారు. హీరో చెప్పులు విప్పాడు, తలుపు గడియ తీశాడు, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అన్నీ స్పష్టంగా వినిపించాయి. కానీ వాటిలో చాలా శబ్దాలు షూటింగ్ రోజు రికార్డయినవి కాకపోవచ్చు. ఆఫీస్ నుంచి వచ్చాక, అద్దె గదిలో, అర్ధరాత్రి దాకా కూర్చుని ఎవరో ఒక్కొక్కటీ తయారుచేసి అతికించినవి కావచ్చు. ఆ పని చేసేవాళ్లనే సౌండ్ డిజైనర్ అంటారు. జీతం కోసం కాకుండా ఇష్టంతో ఈ పని చేసేవాళ్ల రోజు ఎలా గడుస్తుంది? ఒక సీన్‌కు శబ్దం ఎలా కడతారు? ఫోన్‌లో చూసే మనకు దానితో పనేంటి? వివరంగా చూద్దాం..

ఇంతకీ సౌండ్ డిజైనర్ అంటే ఎవరు?

చాలామంది మ్యూజిక్ డైరెక్టర్, సౌండ్ డిజైనర్ ఒకటే అనుకుంటారు. కాదు. పాటలు, నేపథ్య సంగీతం మ్యూజిక్ డైరెక్టర్ చూసుకుంటారు. అడుగుల చప్పుడు, గాలి, వర్షం, బండి హారన్, పక్కింటి టీవీ, చివరికి గదిలోని నిశ్శబ్దం.. ఇవన్నీ ఎక్కడ, ఎంత వినిపించాలో నిర్ణయించేది సౌండ్ డిజైనర్.

1979లో వచ్చిన అపోకలిప్స్ నౌ సినిమాకు వాల్టర్ మర్చ్ ఈ పేరుతో క్రెడిట్ తీసుకున్నాక హోదాకు గుర్తింపు పెరిగింది. అంతకు 2 ఏళ్ల ముందు స్టార్ వార్స్‌లో కాంతి కత్తుల శబ్దాన్ని బెన్ బర్ట్ తయారుచేసిన తీరు ఇప్పటికీ చెప్పుకుంటారు. సినిమా ప్రొజెక్టర్ మోటార్ హోరును, పాత టీవీ దగ్గరికి మైక్ తీసుకెళ్తే వచ్చే జుమ్మనే శబ్దాన్ని కలిపి ఆయన ఆ చప్పుడు పుట్టించారు. అంటే ఖరీదైన పరికరం కంటే ముందు కావాల్సింది చెవి.

పెద్ద సినిమాల్లో ఈ విభాగంలో ఒక్కో పనికి ఒక్కో మనిషి ఉంటారు. లొకేషన్‌లో రికార్డ్ చేసేవారు వేరు, డైలాగ్ శుభ్రం చేసేవారు వేరు, అడుగుల చప్పుళ్లు చేసేవారు వేరు, చివర్లో మిక్స్ చేసేవారు వేరు. షార్ట్ ఫిల్మ్‌లో? అన్నీ ఒక్కరే!

పగలు ఉద్యోగం.. రాత్రి 11 తర్వాత అసలు పని

ఇలాంటివాళ్లలో చాలామందికి పగలు వేరే పని ఉంటుంది. కాలేజీ, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, షాపు.. ఏదో ఒకటి. శబ్దాల పని రాత్రికి పెట్టుకోవడానికి అదొక కారణం. ఇంకో కారణం కూడా ఉంది. పగటిపూట కాలనీలో బండ్లు, మిక్సీలు, కూరగాయల బండి మైకు, పైఅంతస్తులో డ్రిల్లింగ్.. రికార్డింగ్ అస్సలు కుదరదు. వీధి సద్దుమణిగాకే మైకు ఆన్ అవుతుంది.

అప్పుడు కూడా ఫ్యాన్ ఆపాలి, కూలర్ ఆపాలి, ఫ్రిజ్ కూడా ఆపాలి. మే నెలలో విజయవాడలోనో కరీంనగర్‌లోనో కిటికీలు మూసి, ఫ్యాన్ ఆపి గంట కూర్చోవడం అంటే మాటలు కాదు. గది గోడలకు శబ్దం కొట్టుకుని తిరిగి రాకుండా దుప్పట్లు, బొంతలు వేలాడదీస్తారు. బట్టలు నిండుగా ఉన్న బీరువా తలుపులు తెరిచి, దాని ముందు మైకు పెట్టడం కూడా బాగానే పనిచేస్తుంది. మెత్తటి గుడ్డ శబ్దాన్ని పీల్చేసుకుంటుంది కాబట్టి.

మరి పగలంతా ఖాళీయా అంటే అదీ కాదు. బస్టాండ్‌లో అనౌన్స్‌మెంట్, రైతుబజార్‌లో బేరాలు, గుడి గంట, రైల్వే గేటు.. ఎక్కడ మంచి శబ్దం వినపడితే అక్కడ ఫోన్‌తోనో, చిన్న రికార్డర్‌తోనో ఒక నిమిషం రికార్డ్ చేసుకుంటారు. ఇంటికొచ్చాక ఊరు, సమయం, ఏ శబ్దమో రాసి దాచుకుంటారు. 6 నెలల తర్వాత బస్టాండ్ సీన్ వస్తే వెతుక్కోనక్కర్లేదు. పైగా అది మన బస్టాండే! విదేశీ సౌండ్ లైబ్రరీలో తెలుగు బేరాలు ఎక్కడ దొరుకుతాయి?

షూటింగ్ రోజు ఏం చేస్తారు?

మొదటి సూత్రం ఒకటే. మైకు నోటికి దగ్గరగా ఉండాలి. ఖాళీ ప్రదేశంలో దూరం రెట్టింపైతే శబ్దం స్థాయి సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది. గదిలోనైతే గోడల నుంచి వచ్చే ప్రతిధ్వని మాత్రం అంతగా తగ్గదు. అందుకే కెమెరా మీద ఉన్న మైకుతో తీస్తే డైలాగ్ బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది.

రెండోది, షాట్ మొదట్లో క్లాప్. విడిగా రికార్డైన శబ్దాన్ని, బొమ్మను కలపడానికి ఆ 'టప్' అనే చప్పుడే గుర్తు. క్లాప్ బోర్డు లేకపోతే చేతులతో ఒక చప్పట్లు కొట్టినా సరిపోతుంది.

మూడోది చాలామంది మర్చిపోయేది. సీన్ అయ్యాక అందరినీ కదలకుండా నిలబెట్టి, 30 సెకన్ల నుంచి నిమిషం దాకా ఆ గది నిశ్శబ్దాన్ని రికార్డ్ చేయాలి. దీన్ని రూమ్ టోన్ అంటారు. ప్రతి గదికీ తనదైన సన్నటి హోరు ఉంటుంది. డైలాగ్‌ల మధ్య ఖాళీల్లో అది లేకపోతే సౌండ్ ఆగి ఆగి వస్తున్నట్టు అనిపిస్తుంది.

ఫ్రిజ్ విషయంలో ఓ చిట్కా యూనిట్లలో బాగా వాడుకలో ఉంది. షూటింగ్ కోసం ఫ్రిజ్ ఆపేటప్పుడు బండి తాళాలు అందులో పెడతారు. వెళ్లేటప్పుడు తాళాలు కావాలి కాబట్టి ఫ్రిజ్ మళ్లీ ఆన్ చేయడం మర్చిపోరు. లేకపోతే ఇల్లు ఇచ్చినవాళ్ల పాలు విరిగిపోతాయి!

ఒక్క నిమిషం సీన్.. ఎన్ని పొరలో చూడండి

ఒక సీన్ అనుకుందాం. ఉద్యోగం పోయిన కొడుకు రాత్రి ఆలస్యంగా ఇంటికొచ్చాడు. అమ్మకు ఇంకా చెప్పలేదు. ఆమె అన్నం వడ్డిస్తోంది. "ఇంత లేటైంది ఏంట్రా?" అంటే, "ఆఫీస్‌లో పనెక్కువైందమ్మా" అని అబద్ధం చెప్పాడు.

ఈ సీన్‌లో మొదటి పొర డైలాగ్. ఇది శుభ్రంగా లేకపోతే మిగతాదంతా వృథా. రెండోది పరిసరాల శబ్దం. దూరంగా కుక్క అరుపు, ఎప్పుడో వెళ్లే ఒక బండి, పైన సీలింగ్ ఫ్యాన్ టక్ టక్. షూటింగ్‌లో ఫ్యాన్ ఆపేశారు కదా, ఇది తర్వాత కలిపిందే. మూడోది మనుషుల కదలికలు. స్టీలు కంచం, గరిట, నీళ్ల గ్లాసు, అమ్మ చేతి గాజులు.

ఇప్పుడు అసలు నిర్ణయం. కొడుకు అబద్ధం చెప్పిన క్షణంలో ఏం వినిపించాలి? కొత్తవాళ్లు వెంటనే వయొలిన్ పెట్టేస్తారు. అనుభవం వచ్చినవాళ్లు తీసేయడం మొదలుపెడతారు. అప్పటిదాకా వడ్డిస్తుంటే గలగలమన్న గాజులు ఒక్కసారిగా ఆగిపోతాయి. కుక్క అరుపు ఉండదు, బండి ఉండదు. ఫ్యాన్ టక్ టక్ మాత్రమే మిగులుతుంది. 2 సెకన్ల తర్వాత గాజులు మళ్లీ మొదలవుతాయి, కాస్త నెమ్మదిగా. అమ్మకు విషయం అర్థమైందని ఎవరూ చెప్పలేదు. కెమెరా ఆమె ముఖం చూపించకపోయినా మనకు తెలిసిపోయింది.

సౌండ్ డిజైన్ అంటే శబ్దాలు పేర్చడం కాదు, ఏ క్షణంలో ఏది తీసేయాలో తెలుసుకోవడం. ఈ సంగతి ఒంటబట్టడానికే ఏళ్లు పడుతుంది.

కొబ్బరి చిప్పల నుంచి చిప్స్ ప్యాకెట్ దాకా..

బొమ్మను చూస్తూ అడుగులు, వస్తువుల చప్పుళ్లు మళ్లీ చేసి రికార్డ్ చేయడాన్ని ఫోలీ అంటారు. సినిమాకు మాటలొచ్చిన తొలిరోజుల్లో యూనివర్సల్ స్టూడియోలో ఈ పని చేసిన జాక్ ఫోలీ పేరే దానికి స్థిరపడింది. దీనికి కావాల్సిన సామాను సగం వంటింట్లోనే ఉంటుంది.

- గుర్రం నడక: 2 కొబ్బరి చిప్పలు, మట్టి నింపిన ట్రే
- ఎముక విరగడం: క్యారెట్ లేదా సెలరీ కాడ
- మంటల చిటపట: చిప్స్ ప్యాకెట్ మెల్లగా నలపడం
- మంచులో నడక: గుడ్డ సంచిలో కార్న్ ఫ్లోర్ వేసి నొక్కడం
- పక్షి రెక్కలు: తోలు గ్లౌజులు విదిలించడం
- గుద్దులు: క్యాబేజీ మీద పిడికిలితో కొట్టడం

ఇక్కడ టైమింగ్ చాలా ముఖ్యం. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు, అంటే ఒక్కో ఫ్రేము దాదాపు 42 మిల్లీసెకన్లు. అంతర్జాతీయ ప్రసార ప్రమాణాల ప్రకారం శబ్దం బొమ్మ కంటే 45 మిల్లీసెకన్లు ముందొస్తే చాలు, మనం పట్టేస్తాం. ఆలస్యమైతే మాత్రం 125 దాకా తేడా తెలియదు. ఎందుకంటే ప్రకృతిలో మనకు అలవాటైంది అదే. మెరుపు ముందు, ఉరుము తర్వాత.

తెలుగు సినిమాలో ఓ మంచి పాఠం

తెలుగు సినిమాల్లో డైలాగ్‌ను డబ్బింగ్ థియేటర్‌లో మళ్లీ చెప్పించడం చాలాకాలంగా ఉన్న పద్ధతే. అంటే వెనకాల పరిసరాల శబ్దం అంతా కొత్తగా కట్టాల్సిందే. 2018లో వచ్చిన రంగస్థలం ఈ విషయంలో చూడాల్సిన సినిమా. అందులో రామ్ చరణ్ చేసిన చిట్టిబాబు పాత్రకు చెవులు సరిగ్గా వినపడవు. సరిగ్గా వినపడని హీరో కథకే, ఫైనల్ మిక్స్ చేసిన ఎం.ఆర్. రాజాకృష్ణన్‌కు 66వ జాతీయ చలనచిత్ర అవార్డుల్లో ఆడియోగ్రఫీ పురస్కారం దక్కింది. స్లమ్‌డాగ్ మిలియనీర్‌కు 2009లో రసూల్ పూకుట్టి మరో ఇద్దరితో కలిసి అందుకున్న ఆస్కార్ కూడా సౌండ్ మిక్సింగ్‌కే, సంగీతానికి కాదు.

థియేటర్ వేరు.. మన ఫోన్ వేరు

అయితే షార్ట్ ఫిల్మ్‌లు థియేటర్‌లో ఆడవు, మన అరచేతిలో ఆడతాయి. చిక్కంతా ఇక్కడే. ఫోన్‌లో ఉండే బుల్లి స్పీకర్ నుంచి లోతైన బేస్ శబ్దాలు దాదాపు రావు. హెడ్‌ఫోన్స్‌లో గుండె దడదడలాడించిన ఉరుము, ఫోన్‌లో వినపడకుండానే పోతుంది. అందుకే ఉరుముకు పైస్థాయిలో పగులుతున్నట్టుండే ఇంకో చప్పుడు కలుపుతారు. చిన్న స్పీకర్ ఆ పైభాగాన్ని వినిపిస్తుంది, కిందిభాగాన్ని మన మెదడు ఊహించుకుంటుంది.

ఇంకో సమస్య, నేపథ్య సంగీతం మాటను మింగేయడం. స, శ, త, క లాంటి హల్లుల స్పష్టత పైస్థాయి ధ్వనుల్లో ఉంటుంది. సంగీతం కూడా అక్కడే గట్టిగా మోగితే డైలాగ్ అర్థం కాదు. సౌండ్ పెంచినా లాభం లేదు. రెండూ కలిసే పెరుగుతాయి. మాట వచ్చినప్పుడు సంగీతాన్ని కాస్త దించడమే మార్గం.

అలాగని అంతా గట్టిగా పెట్టి అప్‌లోడ్ చేస్తే? యూట్యూబ్ మరీ గట్టిగా ఉన్న వీడియోల శబ్దాన్ని తనే తగ్గించేస్తుంది. అందుకే చివరి మిక్స్‌ను హెడ్‌ఫోన్స్‌లో ఒకసారి, ఫోన్ స్పీకర్‌లో ఒకసారి, వీలైతే బస్సులో కూర్చుని మరోసారి వింటారు. ఎక్కడైనా మాట తెలిస్తేనే పని అయినట్టు.

ఎంత ఖర్చవుతుంది? ఎక్కడ జాగ్రత్తపడాలి?

మొదలుపెట్టడానికి లక్షలు అక్కర్లేదు. ఆడాసిటీ పూర్తిగా ఉచితం. డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లోనూ ఫెయిర్‌లైట్ అనే సౌండ్ విభాగం ఉంటుంది. రీపర్‌ను 60 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు. డబ్బు పెట్టగలిగితే ముందు మంచి హెడ్‌ఫోన్స్, ఆ తర్వాత మైకు.

శబ్దాలు డౌన్‌లోడ్ చేసుకునేటప్పుడు మాత్రం లైసెన్స్ చదవాలి. ఫ్రీసౌండ్ లాంటి సైట్లలో కొన్ని ఎలాగైనా వాడుకోవచ్చు, కొన్నిటికి రికార్డ్ చేసినవారి పేరు వేయాలి, కొన్ని వ్యాపారానికి పనికిరావు. ఇక హిట్ సినిమా బీజీఎం తీసి పెట్టేస్తే కాపీరైట్ క్లెయిమ్ రావచ్చు. వీడియో ఆగిపోవచ్చు, దానిపై వచ్చే ఆదాయం వేరేవాళ్లకు వెళ్లొచ్చు. అప్పుడు నష్టపోయేది టీమ్ మొత్తం.

చెవుల సంగతి కూడా మర్చిపోకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే సురక్షిత పరిమితి పెద్దలకు 80 డెసిబెల్స్ స్థాయిలో వారానికి 40 గంటలు. శబ్దం పెరిగేకొద్దీ ఆ సమయం వేగంగా తగ్గిపోతుంది. రాత్రంతా హెడ్‌ఫోన్స్ పెట్టుకునేవాళ్లు గంటకోసారి వాటిని తీసి కాసేపు ఊరుకోవాల్సిందే. ఈ పనికి పెట్టుబడి ఆ చెవులే. పోతే తిరిగిరావు.

పేరు వేస్తున్నారా?

స్నేహితుల షార్ట్ ఫిల్మ్‌కు డబ్బులు రాకపోవచ్చు. అది ఒప్పుకునే చాలామంది దిగుతారు. కానీ బొమ్మ కాస్త మసకగా ఉన్నా చూసే ప్రేక్షకుడు, మాట వినపడకపోతే స్క్రోల్ చేసేస్తాడు. ఆ ప్రేక్షకుణ్ని ఆపిన మనిషి పేరు క్రెడిట్స్‌లో ఉండకపోతే అన్యాయమే కదా. పని మొదలుపెట్టకముందే 3 విషయాలు మాట్లాడుకోవడం మంచిది. పేరు ఏ హోదాతో పడుతుంది? ఎడిటింగ్ పూర్తిగా లాక్ అయ్యాకే వీడియో ఇస్తారా? సౌండ్‌కు ఎన్ని రోజులు ఇస్తారు? రేపు రిలీజ్ అనగా ఇవాళ రాత్రి ఫైల్ పంపితే ఎవరైనా చేయగలిగేది కొంతే.

ఇక ప్రేక్షకులుగా మనం చేయగలిగింది చిన్నదే. ఈసారి ఏదైనా షార్ట్ ఫిల్మ్ నచ్చితే, అందులో ఒక్క సీన్‌ను కళ్లు మూసుకుని మళ్లీ వినండి. ఎన్ని శబ్దాలున్నాయో లెక్కపెట్టండి. తర్వాత క్రెడిట్స్‌లో సౌండ్ దగ్గర ఎవరి పేరుందో చూసి, కామెంట్‌లో ఆ పేరు కూడా రాయండి.