దూరమొకటే, కాలము రెండు

కోల్‌కతా నుండి ఢిల్లీకి విమానమార్గమున దూరమెంత? భూగోళపు నమూనాపై ఈ రెండు నగరముల మధ్య ఒక దారమును బిగించి పట్టినచో, ఆ దారము సూచించునదే అతి తక్కువ దూరము. అది సుమారు 1,300 కిలోమీటర్లు. తిరుగు ప్రయాణమునకును దూరము అంతే. అయినను శీతకాలములో ఢిల్లీకి పోవు విమానమునకు ఎక్కువ సేపు పట్టును. కోల్‌కతాకు వచ్చు విమానమునకు తక్కువ సేపు చాలును. దీనికి కారణమేమి?

ఏటివాలున పోవు పడవకును, ఏటికి ఎదురెక్కు పడవకును గల భేదమే ఇచటను గలదు. విమానము గాలిలో ఒకే వేగముతో ఎగురుచున్నను, ఆ గాలియే కదలుచున్నప్పుడు నేలను బట్టి లెక్కించిన వేగము మారిపోవును. శీతకాలమున ఉత్తర భారతముపై, ఇంచుమించు 9 నుండి 12 కిలోమీటర్ల ఎత్తున, పడమటినుండి తూర్పునకు తీవ్రమైన గాలి వీచుచుండును. దీనిని జెట్ ప్రవాహమందురు. జెట్ విమానములు ఎగురు ఎత్తు కూడ దాదాపు అదియే. నైఋతి ఋతుపవనములు వచ్చు వేళకు ఈ ప్రవాహము హిమాలయములకు ఉత్తరముగా జరిగిపోవును.

ఒక ఉదాహరణ చూతము. విమాన వేగము గంటకు 800 కిలోమీటర్లు, గాలి వేగము 100 కిలోమీటర్లు అనుకొందము. ఎదురుగాలిలో విమానము గంటకు 700 కిలోమీటర్లు మాత్రమే పోవును గనుక, 1,300 కిలోమీటర్లకు 111 నిమిషములు పట్టును. గాలివాలున గంటకు 900 కిలోమీటర్లు పోవును గనుక 87 నిమిషములు చాలును. రెండును కలిపి 198 నిమిషములు. గాలి లేనిచో రానుపోను 195 నిమిషములే. పోవునప్పటి నష్టము వచ్చునప్పటి లాభముతో సరిపోవునని తోచును గాని, 3 నిమిషములు నష్టమే మిగిలినది. ఎదురుగాలిలో విమానము ఎక్కువ సేపు గడుపుటయే దీనికి కారణము. గాలి వేగము 200 కిలోమీటర్లయినచో ఈ నష్టము 13 నిమిషములగును. గాలి రెట్టింపు కాగా నష్టము నాలుగు రెట్లు మించినది!

ఈ లెక్కపై ప్రయాణికుల క్షేమము ఆధారపడియున్నది. విమానము దారిలో ఆగి ఇంధనము నింపుకొనజాలదు. ఎదురుగాలి బలముగా నుండు డిసెంబరు, జనవరి నెలలలోనే ఢిల్లీలో పొగమంచు దట్టముగా క్రమ్మును. ఆలస్యముగా చేరిన విమానము అచట దిగుటకు వీలులేక జైపూరునకో, లక్నోకో మరలవలసి రావచ్చును. అందువలన వాతావరణ శాఖవారు బెలూనులను ఎగురవేసి ఎగువ గాలులను కొలుతురు. ఆ వివరములను బట్టి ఢిల్లీ చేరుటకును, అచటినుండి మరియొక విమానాశ్రయమునకు పోవుటకును, ఆపైన ఇంకను 30 నిమిషములు ఆకాశమున తిరుగుటకును సరిపడు ఇంధనము నింపుదురు.

విమానముల కాలపట్టికలో ఈ ప్రయాణమునకు రెండు గంటలకు పైగానే కనిపించును. నేలపై నడచు సమయము, పైకెక్కి దిగు సమయము కూడ అందులో చేరియుండుటయే కారణము. విద్యార్థులు రాకపోకల కాలములను ఆ పట్టికలో పోల్చి చూచినచో, కంటికి కనబడని గాలి ప్రభావము అంకెలలో కనిపించును.