కంటి వైరస్ మందులు: వాడే తీరు, వాడకూడని తీరు



2023 జూలై, ఆగస్టు నెలల్లో తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ కళ్లకలక ఇల్లిల్లూ తిరిగింది. బడులు, హాస్టళ్లు, మదరసాలు దేన్నీ వదల్లేదు. ఆ రోజుల్లో మన దాతల్లో కొందరు, "కంటి చుక్కల మందు పెట్టెలకొద్దీ కొనిస్తాం, బస్తీల్లో పంచండి" అని ముందుకొచ్చారు. వారి మంచి మనసుకు అల్లాహ్ తగిన ప్రతిఫలం ఇవ్వాలి. కానీ మేము చుక్కలు పంచలేదు. ఆ డబ్బును సబ్బులకు, మనిషికొక తువ్వాలుకు, కంటి డాక్టరు పరీక్షకు ఖర్చు పెట్టాం. అలా ఎందుకు చేశారని ఇప్పటికీ అడిగేవారున్నారు. వారికి జవాబు చెప్పాలంటే కంటికి వచ్చే వైరస్ జబ్బుల గురించి, వాటి మందుల గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

కన్ను ఎర్రబడితే అంతా ఒకటే జబ్బు అనుకుంటాం. కాదు. ఊరంతా పాకే కళ్లకలకకు చాలాసార్లు అడినోవైరస్ జాతి కారణం. ముందు ఒక కన్ను, తర్వాత రెండోది ఎర్రబడతాయి. నీళ్లు కారతాయి, ఉదయానికి రెప్పలు అంటుకుంటాయి. దీనికి పనిచేసే వైరస్ మందు మామూలు వాడుకలో లేదు. అవసరమూ పెద్దగా లేదు. ఒకటి రెండు వారాల్లో దానంతటదే తగ్గుతుంది. చల్లని శుభ్రమైన గుడ్డతో కాపడం, కళ్లు తడిగా ఉంచే చుక్కలు, చేతులు కడుక్కోవడం, ఎవరి తువ్వాలు వారిది: వైద్యమంతా ఇంతే. యాంటీబయాటిక్ చుక్కలు వైరస్‌ను ఏమీ చేయవు.

రెండో జబ్బు వేరు. అది హెర్పిస్ సింప్లెక్స్ అనే వైరస్ వల్ల వస్తుంది. జ్వరం వచ్చినప్పుడు పెదవి పక్కన చిన్న పొక్కులు లేస్తాయే, ఆ వైరసే. చాలామందికి చిన్నతనంలోనే సోకి, ముఖంలోని నరాల మూలంలో ఏళ్ల తరబడి నిద్రపోతుంది. ఎప్పుడో నిద్ర లేచి నరం వెంట కంటికి దిగి, నల్లగుడ్డు మీద ఉండే అద్దం లాంటి పొరను, అంటే కార్నియాను, పుండు చేస్తుంది. సాధారణంగా ఒక కంటికే వస్తుంది. ఎరుపు, నీళ్లు, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసక. డాక్టరు నారింజ రంగు ఫ్లోరసీన్ మందు తాకించి నీలి వెలుతురులో స్లిట్‌ల్యాంప్‌తో చూస్తే, ఆకులు రాలిన చెట్టుకొమ్మ ఆకారంలో ఆ పుండు పచ్చగా మెరుస్తుంది. ఆ కొమ్మను టార్చిలైటుతో చూసి పట్టుకోవడం కష్టం. మందుల షాపు కౌంటరు దగ్గర అసలే కుదరదు.

ఈ జబ్బు మోసం ఇంకొకటుంది. వైరస్ ఆ పొరకు స్పర్శ తగ్గిస్తుంది. పుండు ఉన్నా నొప్పి అంతగా తెలియదు. "నొప్పి పోయింది కదా" అని మందు ఆపేసినవాళ్ల కంట్లోనే తర్వాత పువ్వు పడుతుంది. అది నల్లగుడ్డు నడుమ పడితే చూపు పోయినట్టే. ఇక నేత్రదానంలో వచ్చిన కార్నియా కోసం ఎదురుచూడాలి. కొత్త పొర వేసినా నరంలో ఉన్న వైరస్ పోదు, మళ్లీ దాడి చేయవచ్చు. అంటే చిన్న ట్యూబుతో నయమయ్యే జబ్బును ఆపరేషన్ దాకా తీసుకుపోతున్నాం.

వైరస్‌కు మందు ఉందని వైద్యలోకం నమ్మింది కంటి దగ్గరే అన్న సంగతి చాలామందికి తెలియదు. ఐడాక్సురిడిన్ అనే మందును విలియం ప్రూసాఫ్ 1959లో తయారుచేస్తే, 1962లో హెర్బర్ట్ కాఫ్‌మన్ దాన్ని హెర్పిస్ కంటి పుండుకు వాడి నయం చేశారు. తర్వాత ఎసైక్లోవిర్ వచ్చింది. ఆ పరిశోధనల్లో ముఖ్యపాత్ర వహించిన గెర్ట్రూడ్ ఎలియన్‌కు 1988లో నోబెల్ బహుమతి దక్కింది.

ఇప్పుడు మన దగ్గర డాక్టర్లు ఎక్కువగా రాసేవి రెండు. ఒకటి 3 శాతం ఎసైక్లోవిర్ కంటి ఆయింట్‌మెంట్, రెండోది 0.15 శాతం గాన్సైక్లోవిర్ కంటి జెల్. ఇక్కడే ఒక ప్రమాదం పొంచి ఉంది. అదే ఎసైక్లోవిర్ పేరుతో 5 శాతం చర్మపు క్రీము కూడా దొరుకుతుంది. పేరు ఒకటే, ట్యూబూ చూడ్డానికి అలాగే ఉంటుంది. అది కంట్లో వేసేది కాదు. ట్యూబు మీద 3 శాతం అనీ, 'ఆఫ్తాల్మిక్' అనీ ఉందో లేదో చూడాలి. చదవడం రాని అమ్మీజాన్‌కు ఇంట్లో చదువుకున్న పిల్లాడు చూసిపెట్టాలి.

ఎసైక్లోవిర్ ఆయింట్‌మెంట్ రోజుకు 5 సార్లు, మెలకువగా ఉన్నప్పుడు సుమారు నాలుగేసి గంటల తేడాతో వేయాలి. చేతులు కడుక్కుని, కింది రెప్పను కిందికి లాగి, ఆ సందులో సుమారు ఒక సెంటీమీటరు పొడవు మందు పెట్టి కన్ను మూయాలి. ట్యూబు మూతి కంటికి, వేలికి తగలకూడదు. కాసేపు చూపు మసకబారుతుంది, కొంచెం చురుక్కుమంటుంది. అది పోయేదాకా బండి నడపకూడదు. పుండు మానిందని డాక్టరు చెప్పాక కూడా కనీసం మరో 3 రోజులు వేయాలి. గాన్సైక్లోవిర్ జెల్ అయితే పుండు మానేదాకా రోజుకు 5 చుక్కలు, తర్వాత 7 రోజులు మూడేసి చుక్కలు. వేరే చుక్కలు కూడా రాసి ఉంటే ముందు చుక్కలు, కనీసం 5 నిమిషాలు ఆగి ఆయింట్‌మెంట్. చికిత్స అయ్యేదాకా కాంటాక్ట్ లెన్సులు పెట్టకూడదు. విప్పిన ట్యూబును నెల దాటాక పారేయాలి. వచ్చే ఏడాదికని దాచడం వద్దు, పక్కింటివారికి ఇవ్వడం అసలే వద్దు.

5 సార్లు అనగానే మనవాళ్లు 5 నమాజులతో ముడిపెట్టుకుంటారు. గుర్తుండటానికి మంచిదే అనిపిస్తుంది. కానీ లెక్క కుదరదు. ఫజర్‌కు, జుహర్‌కు మధ్య ఏడెనిమిది గంటలు పోతాయి. మగ్రిబ్‌కు, ఇషాకు మధ్య గంటన్నరే. అందుకే ఉదయం 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10 అని ఫోనులో అలారం పెట్టుకొమ్మని చెబుతున్నాం.

రమజాన్ వచ్చిందంటే మందు ఆపేసేవాళ్లు ఎక్కువ. 1997లో జెద్దాలో జరిగిన 10వ సమావేశంలో అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ, గొంతులోకి వచ్చినది మింగకుండా చూసుకుంటే కంటి చుక్కల వల్ల రోజా భంగం కాదని తీర్మానించింది. మందు వేశాక ముక్కు పక్కన కంటి మూలను వేలితో రెండు నిమిషాలు నొక్కి పట్టుకుంటే గొంతులోకి పెద్దగా దిగదు, కంట్లోనూ ఎక్కువసేపు నిలుస్తుంది. ఇంకా సందేహం ఉన్నవారు తమ మసీదు ఇమాం సాహెబ్‌ను అడగాలి, మందు మాత్రం ఆపకూడదు. మాత్రలు రోజుకు రెండే అయితే సహరీకి, ఇఫ్తార్‌కు కుదురుతాయి. 5 సార్లు మింగాల్సినవైతే రోజాతో కుదరదు. రోగికి షరీఅత్ ఇచ్చిన వెసులుబాటు అలాంటప్పటికే, తర్వాత ఖజా చేసుకోవచ్చు. వుజూలో కంటి లోపల కడగాల్సిన పనిలేదు. కన్ను మూసి ముఖం కడుక్కుంటే చాలు.

అసలు భయపడాల్సింది స్టెరాయిడ్ చుక్కలకు. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ పేర్లతో, చాలాసార్లు యాంటీబయాటిక్‌తో కలిపి వస్తాయి. వేసిన మర్నాటికే ఎరుపు విరిగి కన్ను తేటగా కనిపిస్తుంది, అందుకే జనానికి వాటి మీద నమ్మకం. లోపల మాత్రం చెట్టుకొమ్మ లాంటి పుండు పటంలా పరుచుకుంటుంది, ఒక్కోసారి పొరకు చిల్లు పడుతుంది. హెర్పిస్ కార్నియా లోతు పొరల్లోకి చేరినప్పుడు డాక్టర్లే వైరస్ మందు అడ్డుపెట్టి స్టెరాయిడ్ ఇస్తారు, అది వేరే సంగతి. పరీక్ష లేకుండా షాపులో అడిగి తెచ్చుకునేదే కళ్లు తీస్తుంది. మేము 2023లో పెట్టెలు పంచకపోవడానికి మొదటి కారణం ఇదే. వందమంది కళ్లకలక రోగుల్లో హెర్పిస్ ఉన్నవాడొకడు కూర్చుని ఉంటే, వాడికి మన సదఖా చేతులతోనే తప్పు చుక్క వేసినవాళ్లమవుతాం.

తేనె, పసరు, చనుబాలు, గులాబ్ జల్ కూడా పుండున్న కంట్లో వేయవద్దు. జమ్‌జమ్‌ను దువా చేసి తాగండి. కంట్లో మాత్రం శుద్ధి చేసిన మందే వేయాలి. సుర్మా పుల్ల ఇంటిల్లిపాదికీ ఒకటే కావడం కళ్లకలకకు నేరుగా దారి.

ముక్కు కొన మీద, నుదుటి మీద ఒకే పక్కన పొక్కులు లేచి కన్ను ఎర్రబడితే అది సర్పి. దానికి ఆయింట్‌మెంట్ చాలదు, మాత్రలు కావాలి, అవీ వీలైనంతవరకు 72 గంటల్లో మొదలవ్వాలి. కిడ్నీ జబ్బు ఉన్నవారు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి, మోతాదు మారుతుంది.

దాతలు అడిగే ఇంకో మాట: "ఒకసారి నయమయ్యాక మళ్లీ మందుల ఖర్చెందుకు?" అమెరికాలో 703 మంది రోగులతో జరిగి 1998లో వెలువడిన పరిశోధన దీనికి జవాబిస్తుంది. ఏడాది పాటు రోజుకు రెండుసార్లు 400 మిల్లీగ్రాముల ఎసైక్లోవిర్ మాత్ర వేసుకున్నవారిలో 19 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 32 శాతం మందికి. పదేపదే వచ్చేవారికి డాక్టర్లు ఇలా ఏడాది మందు రాస్తారు. రోజుకూలి ఇళ్లలో రెండో నెలకే అది ఆగిపోతుంది, కన్ను ఎర్రగా లేదు కదా అని. అందుకే మీ విరాళంతో మేము ట్యూబు ఒక్కటే కొనివ్వడం లేదు. మొదటి పరీక్ష, పూర్తి కోర్సు మందు, మళ్లీ చూపించుకోవడానికి బస్సు చార్జీ, అవసరమైనవారికి ఏడాది మాత్రలు కలిపి ఒక రోగి ఖర్చుగా లెక్క కడుతున్నాం. జకాత్ సొమ్ము నుంచి అర్హులకు, మిగతావారికి సదఖా నుంచి.

మీకు తెలిసినవారిని మా కంటి శిబిరానికి పంపేటప్పుడు ఒక్క మాట చెప్పండి. ఇంతవరకు కంట్లో వేసిన సీసాలు, ట్యూబులు, ఖాళీవైనా సరే, ఒక సంచిలో వేసి తెమ్మనండి. ఏం వేశారో తెలిస్తే డాక్టరుకు సగం పని అయినట్టే.